వాహనదీపముల మసక – దాని వెనుక కథ

సూళ్ళూరుపేటనుండి శ్రీహరికోటకు పోవు రోడ్డు పులికాట్ సరస్సును అడ్డముగా దాటి తూర్పునకు సాగును. దానికి ఇరువైపుల ఉప్పునీరు, బురదనేల. ఆవల ఇసుకదీవి, దాని కావల బంగాళాఖాతము. రాత్రివేళ ఇట్టి రోడ్డుపై బండి నడపువానికి ముందుదీపమే కన్ను. ఎదుట సైకిలుపై వచ్చు మనిషి కనబడవలెనన్నను, రోడ్డు కడ్డము వచ్చిన పశువు కనబడవలెనన్నను ఆ కన్ను నిర్మలముగా ఉండవలెను. కాని కొన్ని యేండ్లు ఎండలో నిలిచిన బండిని చూడుడు: దీపముపై నున్న పారదర్శకమైన మూత పసుపుపచ్చనై, పాలు కలిపిన నీటివలె మసకబారి యుండును. ముసలివాని కంటికి పొర కమ్మినట్లు దీపమునకును పొర కమ్మినదన్నమాట.

ఈ పొర ఎట్లు పుట్టినది? దానిని తొలగించుట ఎట్లు? మరల రాకుండ కాపాడుట ఎట్లు? ఈ ప్రశ్నలకు సమాధానము కావలెనన్నచో వాహనదీపముల చరిత్రను, సూర్యుని కనబడని కిరణముల చరిత్రను ఒకచో చేర్చి చదువవలెను.

మసి, చిలుము

మోటారుబండ్లు పుట్టిన తొలినాళ్ళలో వాటికి నూనెదీపములు, ఎసిటిలీన్ దీపములు ఉండెడివి. కాల్షియం కార్బైడుపై నీటిచుక్కలు పడినప్పుడు ఎసిటిలీన్ వాయువు వెలువడును. అది మిక్కిలి తెల్లని కాంతితో మండును. వెనుకనున్న అద్దము ఆ కాంతిని ముందునకు మరల్చును. గాలికి, వానకు ఆరని జ్వాల యగుటచే కొంతకాలము దీనికి మంచి పేరు వచ్చెను. కాని మంటయున్నచోట మసియు నుండును. దీపమును మాటిమాటికి తుడువనిదే వెలుగు తగ్గిపోయెడిది.

1912లో అమెరికాలోని కాడిలాక్ కారులో విద్యుత్తుతోనే ఇంజనును కదలించి, దీపములను వెలిగించు ఏర్పాటు ఒకటిగా వచ్చినది. నాటినుండి మంటదీపములు క్రమముగా మూలబడినవి. మసి పోయినది గాని మసక పోలేదు. దీపము వెనుకనున్న పరావర్తకమునకు వెండిపూత యుండెడిది. గాలిలోని గంధకసమ్మేళనములు తగిలిన వెండి నల్లబడునని ఇండ్లలో వెండిగిన్నెలు తోమువారందరికి తెలిసినదే. దీపములోనికి గాలి, తేమ, దుమ్ము చొరబడి ఆ పూతను చెరచుచుండెను. కనుక తొలికాలపు మసక దీపము లోపల పుట్టినది.

గాజుతో మూసిన దీపము

ఈ చిక్కునకు 1940లో అమెరికాలో ఒక గట్టి పరిష్కారము వచ్చినది. ముందరి మూత, వెనుకటి పరావర్తకము, నడుమ వెలుగు తీగ – ఈ మూడింటిని కలిపి గాలి చొరని ఒకే గాజుబుడ్డిగా చేసిరి. దీనికే సీల్డ్ బీమ్ అని పేరు. ఏడంగుళముల గుండ్రని దీపము ఆ దేశమున అన్ని కార్లకు ప్రమాణమయ్యెను. తీగ మాడిపోయినచో బుడ్డినంతయు తీసివేసి క్రొత్తది బిగించుటయే. ఇది దుబారావలె తోచును గాని, దీనివలన ఒక మేలు గలదు: తీగ మారినప్పుడెల్ల మూతయు మారును, కనుక ఏ మూతకును ముసలితనము వచ్చునంత వ్యవధి యుండదు.

మన దేశమున 1958నుండి 2014వరకు తయారైన అంబాసిడర్ కారు గుండ్రని దీపములు పలువురికి గుర్తుండును. వాటి మూతలు గాజువే. గాజు బరువైనది, రాయి తగిలిన పగులును. కాని ఎండకు పసుపెక్కదు. ఇసుకలోని సిలికాయే గాజునకు మూలము. దానిలో సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు గట్టిగా పెనవేసుకొని యుండును. సూర్యకిరణములు ఆ బంధములను త్రెంపజాలవు.

ప్లాస్టిక్కు ప్రవేశము

1953లో జర్మనీలో బేయర్ సంస్థకు చెందిన హెర్మన్ ష్నెల్, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన డేనియల్ ఫాక్స్ ఒకరి సంగతి ఒకరికి తెలియకుండగనే ఒకే పదార్థమును కనుగొనిరి. అదియే పాలికార్బనేటు. ఇది గాజువలె పారదర్శకము. బరువులో గాజున కించుమించు సగము. సుత్తిదెబ్బకు సులభముగా పగులదు. వేడిచేసి అచ్చులో పోసి కోరిన ఆకారము తీయవచ్చును. 1969లో చంద్రునిపై నడచిన వ్యోమగాముల శిరస్త్రాణమునకు గూడ ఈ పదార్థమునే వాడిరి.

1983లో అమెరికా ప్రభుత్వము దీపపు మూత అట్లే యుండగా లోపలి బల్బును మాత్రము మార్చుకొను పద్ధతికి అనుమతి నిచ్చెను. మరుసటి సంవత్సరపు లింకన్ కారుతో పాలికార్బనేటు మూతలు ఆ దేశమున రోడ్డెక్కినవి. తరువాతి దశాబ్దమున యూరప్ కూడ ఈ మార్గమునే పట్టినది. నేడు మన రోడ్లపై తిరుగు కార్లలో చాలవాటికి ఇట్టి మూతలే.

ఇచ్చట ఒక మార్పు గమనింపదగినది. పూర్వము దీపముతోపాటు మూత మారెడిది; ఇప్పుడు బల్బు మారును గాని మూత బండి బ్రతికినంతకాలము బ్రతుకవలెను. పదిపదునైదేండ్లు ఎండలో నిలువవలసిన భారము ఒక పలుచని ప్లాస్టిక్కుపై పడినది.

కనబడని శత్రువు

1801లో జర్మనీ శాస్త్రజ్ఞుడు యోహాన్ రిట్టర్ సూర్యకాంతిని పట్టకముతో విడదీసి, ఆ రంగులలో సిల్వర్ క్లోరైడును ఉంచి చూచెను. ఊదారంగునకు ఆవల, కంటికేమియు కనబడని చోట, ఆ లవణము మిక్కిలి వేగముగా నల్లబడెను. అట్లు తెలియవచ్చినవే అతినీలలోహిత కిరణములు. ఇవి భూమిని చేరునప్పుడు ఒక మేరకు దిగువ తరంగదైర్ఘ్యములు తెగిపోవుట చూచి, పైగాలిలోని ఓజోను వాయువే వాటిని పీల్చుచున్నదని 1881లో వాల్టర్ హార్ట్‌లీ సూచించెను.

ఓజోను పొరకు పైకి పోయి చూచినగాని ఈ సంగతి పూర్తిగా తేలదు. దానికి రాకెట్టు కావలసివచ్చెను. 1946 అక్టోబరు 10వ తేదీన అమెరికాలో రిచర్డ్ టౌసీ బృందము వి-2 రాకెట్టులో వర్ణపటదర్శినిని ఉంచి పంపినది. రాకెట్టు పైకి పోయినకొలది, భూమిపై ఎన్నడును చూడని అతినీలలోహిత వర్ణపటము ఫిల్ముపై పడెను. వాతావరణమును శోధించు ఇట్టి చిన్న రాకెట్లతోనే శ్రీహరికోట కేంద్రము చరిత్రయు ఆరంభమైనది: 1971 అక్టోబరు 9న రోహిణి-125 రాకెట్టు అచ్చటినుండి ఎగసినది.

ఓజోను పొర వడపోసిన తరువాత గూడ కొంత అతినీలలోహితము నేలను చేరును. శ్రీహరికోట భూమధ్యరేఖకు ఉత్తరమున సుమారు 13.7 డిగ్రీల అక్షాంశముపై నున్నది. ఏప్రిల్ చివర ఒకమారు, ఆగస్టు నడుమ మఱియొకమారు అచ్చట మధ్యాహ్నసూర్యుడు నడినెత్తిన నిలుచును. కిరణములు నిట్టనిలువుగా వచ్చినప్పుడు అవి దాటవలసిన గాలిమందము తక్కువ. కనుక వాటి తాకిడి ఎక్కువ. సముద్రతీరపు ఇసుకగాలి మూతలను గీరుట దీనికి తోడగును.

పొర పుట్టు విధము

పాలికార్బనేటు పొడవైన గొలుసులవంటి అణువులతో ఏర్పడినది. అతినీలలోహిత కిరణము తగిలినప్పుడు గొలుసులోని కొన్ని బంధములు తెగును. తెగిన ముక్కలు వేఱువిధముగా అమరుకొనును. దీనిని ఫోటో-ఫ్రీస్ పునర్విన్యాసమందురు. గాలిలోని ఆక్సిజన్ కూడ వాటితో కలియును. ఇట్లు పుట్టిన క్రొత్త పదార్థములు నీలికాంతిని పీల్చును. అందుచే మూత పసుపుగా కనబడును. పిమ్మట ఉపరితలము పెళుసెక్కి సన్నని పగుళ్ళు వేయును. ఆ పగుళ్ళు కాంతిని నలుదిక్కులకు చెదరగొట్టును. రోడ్డుపై పడవలసిన వెలుగు కొంత ఆకాశమునకు, కొంత ఎదుటివాని కన్నులలోనికి పోవును. అనగా బండి నడపువానికి వెలుగు తక్కువ, ఎదుట వచ్చువానికి మిరుమిట్లు ఎక్కువ.

అదృష్టవశమున ఈ చెడుగంతయు పైపైననే యుండును. అతినీలలోహితమును పై పొరయే పీల్చివేయుటచే లోపలి పదార్థము చెడదు. మరమ్మతు సాధ్యమగుటకు కారణ మిదియే.

విద్యార్థులు ఒక చిన్న పరీక్ష చేసి చూడవచ్చును. గరుకుగా నూరిన గాజుపలకను తీసికొని దాని వెనుక పుస్తకము నుంచుడు, అక్షరములు కనబడవు. గరుకువైపున ఒక నీటిచుక్కను వేయుడు. ఆ చుక్క క్రింద అక్షరములు స్పష్టమగును. గాలి వక్రీభవన గుణకము 1, నీటిది 1.33, గాజుది సుమారు 1.5. నీరు గుంటలను పూడ్చి గాజునకు దగ్గరి గుణకమును కల్పించును గనుక చెదరుట తగ్గును. నీరు ఆరగానే మసక మరల వచ్చును. దీపపు మూతకు నూనె పూసినచో తళతళలాడి నాలుగు రోజులలో మొదటికి వచ్చుటలోని రహస్యము ఇదియే. నూనె గుంటను కప్పును గాని గుంటను పోగొట్టదు.

మరమ్మతు, రక్షణ

నిజమైన మరమ్మతు చెడిన పొరను అరగదీయుటయే. మొదట మూతను సబ్బునీటితో కడిగి ఇసుకను పోగొట్టవలెను; లేనిచో ఆ ఇసుకయే క్రొత్త గీతలు గీయును. చుట్టునున్న రంగునకు టేపు అంటింపవలెను. తరువాత మెకానిక్కులు వాటర్ పేపరు అని పిలుచు గరుకుకాగితమును నీటితో తడిపి రుద్దవలెను. 800 సంఖ్య కాగితముతో మొదలుపెట్టి 1500, 2000, 3000 అని క్రమముగా మెత్తనిదానికి పోవలెను. ప్రతి కాగితము ముందటి కాగితపు గీతలను చెరిపి, వాటికన్న సన్నని గీతలను మిగుల్చును. చివరకు పాలిషు పెట్టి రుద్దగా గీతలు మిక్కిలి సూక్ష్మమై కాంతిని చెదరగొట్టుట మానును. పెట్రోలు, టిన్నరు, ఎసిటోన్ వాడరాదు. అవి పాలికార్బనేటును పగుల్చును. నీరు లేక పొడిగా రుద్దరాదు. ఆ ధూళి ఊపిరితిత్తులలోనికి పోవును.

పలువురు ఇంతటితో పని ముగిసినదనుకొందురు. అసలు పొరపా టిచ్చటనే యున్నది. కర్మాగారమున మూతపై అతినీలలోహితమును పీల్చు గట్టిపూత నొకదానిని వేసి పంపుదురు. అది అరిగి, రాలిపోవుటవలననే మసక మొదలైనది. మిగిలిన పూతను కాగితముతో మనమే తీసివేసితిమి. ఇప్పుడు మూత మెరయుచున్నను వట్టి ఒంటితో ఎండలో నిలిచినదే యగును. దానిపై అతినీలలోహిత రక్షణగల పారదర్శకపు పూతను వేయనిచో కొలది నెలలలోనే పసుపు తిరిగి వచ్చును. రుద్దుట చికిత్స, పూత రక్షణ. రెండవది లేనిదే మొదటిది నిలువదు. బండిని నీడలో నిలుపుటయు, పొడిగుడ్డతో దుమ్మును రుద్దకుండుటయు ఖర్చులేని రక్షణలు.

2018లో అమెరికాలోని ఎ.ఎ.ఎ. అను వాహనదారుల సంస్థ పరీక్షించి చూడగా, బాగుగా మసకబారిన దీపము క్రొత్తదాని వెలుగులో ఐదవవంతు మాత్రమే ఇచ్చెను. మరమ్మతుచేసిన పిమ్మట అది సుమారు 70 శాతమునకు పెరిగెను. అనగా మరమ్మతు గొప్ప మేలే. కాని క్రొత్త మూతకు అది సమానము కాదు. లోపల నీటియావిరి పట్టినను, పరావర్తకము మాడినను పైన ఎంత రుద్దినను లాభములేదు.

ఇదే సమస్య అంతరిక్షమున మరింత తీవ్రముగ నుండును. ఉపగ్రహమునకు విద్యుత్తు నిచ్చు సౌరఘటములపై పలుచని గాజుపలకలు కప్పుదురు. భూమిపై చెక్కుచెదరని గాజు సైతము అచ్చటి వికిరణమునకు గోధుమరంగునకు తిరుగును. గాజులో కొంచెము సీరియమును కలిపినచో ఆ రంగు పట్టదు. అచ్చట రుద్ది బాగుచేయు మెకానిక్కు లేడు గనుక రక్షణ ముందుగనే చేయవలెను. 1980 జూలై 18న శ్రీహరికోటనుండి రోహిణిని కక్ష్యలో చేర్చిన నాటినుండి ఆ తీరము విడిచిపోవు ప్రతి ఉపగ్రహమును సూర్యుడు అట్లే పరీక్షించుచున్నాడు.

నింగికెగసిన ఉపగ్రహమునకును, ఆ దీవికి పోవు రోడ్డుపై రాత్రి నడచు బండికిని సూర్యు డొక్కడే. వెలుగునిచ్చువాడును అతడే, వెలుగునకు అడ్డుపొర కట్టువాడును అతడే. ఆ పొరను సకాలమున తొలగించి, పైన రక్షణపూత నిలిపినచో రోడ్డుపై నడచిపోవు మనిషి పది అడుగుల ముందుగా కనబడును. ఒక్కొక్కప్పుడు ఆ పది అడుగులే ఒక ప్రాణము.