కర్రకు బిగువునిచ్చే లిగ్నిన్

భద్రాచలం ఏజెన్సీ అడవుల్లో అడ్డాకులను సన్నని పుల్లలతో కుట్టి విస్తళ్లు చేస్తారు. భోజనమైన పిదప పారవేసిన విస్తరి నాలుగు వానలకు మెత్తబడి మట్టిలో కలిసిపోతుంది. దానిని కుట్టిన వెదురు పుల్ల మాత్రం చాలాకాలం చెక్కుచెదరక పడి ఉంటుంది. ఆకూ, పుల్లా రెండూ మొక్కల నుంచి వచ్చినవే కదా, ఈ భేదమెందుకు? పుల్లలో లిగ్నిన్ అనే పదార్థం ఎక్కువగా ఉండటమే ముఖ్య కారణం.

ఆ ప్రాంతపు ఇళ్ల గోడలను చూచినవారికి లిగ్నిన్ చేసే పని సులభంగా బోధపడుతుంది. వెదురు తడిక కట్టి దానిమీద మట్టి మెత్తుతారు. తడిక ఒక్కటే అయితే ఊగుతుంది. మట్టి ఒక్కటే అయితే విరుగుతుంది. కర్రలో సెల్యులోజ్ పోగులు తడిక వంటివి, వాటి నడుమ నిండిన లిగ్నిన్ మట్టి వంటిది. కర్ర బరువులో సుమారు నాలుగో వంతు ఇదే.

కర్రను లాటిన్ భాషలో ‘లిగ్నం’ అంటారు. ఆ మాట నుంచి 1813లో స్విట్జర్లాండు వృక్షశాస్త్రజ్ఞుడు డి కండోల్ ఈ పేరు పెట్టినాడు. అయితే శాస్త్రజ్ఞుల చూపు చాలాకాలం రెండవ పదార్థం మీదనే నిలిచింది. 1838లో ఫ్రెంచి రసాయనికుడు అన్సెల్మ్ పేయెన్ కర్రను ఆమ్లంతోను, క్షారంతోను కడిగి సెల్యులోజును వేరుచేసినాడు. కరిగిపోయిన మిగతా భాగం ఆయన దృష్టిలో పోగులకు పట్టిన పెచ్చు మాత్రమే. ఈ చిన్నచూపు తరువాతి శతాబ్దమంతా లిగ్నిన్‌ను వెన్నాడింది. కాగితం చేయువారికి కావలసినది పోగు. లిగ్నిన్ మిగిలితే కాగితం పసుపెక్కుతుంది. 1879లో జర్మనీలో కార్ల్ డాల్ కనిపెట్టిన క్రాఫ్ట్ పద్ధతిలో కర్ర ముక్కలను కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడు కలిపిన ద్రవంలో ఉడికిస్తారు. లిగ్నిన్ కరిగి నల్లని ద్రవంగా బయటికి వస్తుంది. మిల్లుల్లో దీనిని బ్లాక్ లిక్కర్ అంటారు.

తెలుగునాట ఈ పరిశ్రమ కొత్తది కాదు. సిర్పూరు కాగితపు మిల్లు 1942లోనే వెదురుతో ఉత్పత్తి ప్రారంభించింది. భద్రాచలానికి ఎదురుగా, గోదావరి ఆవలి ఒడ్డున సారపాకలో నెలకొన్న మిల్లు 1979లో పని మొదలుపెట్టింది. అప్పట్లో మిల్లులకు ముడిసరుకు ఎక్కువగా అడవి నుంచే వచ్చేది. పరిశ్రమలు తమకు కావలసిన కర్రను రైతుల వద్ద సంపాదించుకోవలెనని 1988 జాతీయ అటవీ విధానం చెప్పింది. ఆ దశకం చివరనే సారపాకలో జామాయిల్ క్లోనుల పరిశోధన మొదలైంది. నేడు ఖమ్మం వైపు పొలాల్లో బారులు తీరిన జామాయిల్, సుబాబుల్ తోటలు ఆ మార్పుకు ఫలితమే.

టన్ను గుజ్జు తీస్తే మూడో వంతు నుంచి అర టన్ను దాకా లిగ్నిన్ ద్రవంలోకి పోతుంది. అదంతా వృథా అని కొందరు అంటారు; అది సరికాదు. 1930 దశకంలో కెనడాలో టామ్లిన్సన్ రూపొందించిన రికవరీ బాయిలరులో నల్ల ద్రవాన్ని చిక్కబరచి మండిస్తారు. లిగ్నిన్ మంటవల్ల ఆవిరి, విద్యుత్తు లభిస్తాయి. అడుగున రసాయనాలు తిరిగి దక్కుతాయి. కనుక లిగ్నిన్‌ను బయటికి తీస్తే, ఆ మేరకు వేరే ఇంధనం వెతుక్కోవలెను. కాని బాయిలరు చాలక గుజ్జు పెంచలేని మిల్లుకు కొంత లిగ్నిన్ తీయడమే మేలు. ద్రవంలోకి కార్బన్ డయాక్సైడ్ పంపితే లిగ్నిన్ గోధుమరంగు పొడిగా విడివడుతుంది. 2013లో అమెరికాలోని ప్లిమత్ మిల్లు, 2015లో ఫిన్లండులోని సునిలా మిల్లు ఈ పనిని భారీ ఎత్తున చేసి చూపినవి.

ఇక ఈ పొడిని ఏమి చేయవలెను? 1998లో జర్మనీలో స్థాపితమైన టెక్నారో సంస్థ దానిని నారతో కలిపి, ప్లాస్టిక్ వలె అచ్చు పోయదగిన ‘ద్రవ కర్ర’ను తయారుచేసింది. ఇంకొక మార్గం, మట్టిలో జీర్ణమయ్యే ప్లాస్టిక్కులలో దీనిని కలపడం. వాటిలో ప్రసిద్ధమైనది పాలీలాక్టిక్ ఆమ్లం. పెరుగును పులిపించే లాక్టిక్ ఆమ్లం అణువులే గొలుసుగా కూడి ఇది ఏర్పడుతుంది. ఖరీదు ఎక్కువ, పెళుసు కూడా. లిగ్నిన్ చేరితే ఖర్చు తగ్గుతుంది, బిగువు పెరుగుతుంది. లిగ్నిన్ అణువులోని బెంజీను వలయాలు అతినీలలోహిత కిరణాలను పీల్చుకొనడంవల్ల ఎండకు త్వరగా చెడదు.

చిక్కు కలయికలోనే ఉన్నది. లిగ్నిన్ కణాలు తమలో తాము పెనవేసుకొని, ఉప్మాలో ఉండకట్టిన రవ్వవలె ముద్దలవుతాయి. ముద్ద ఉన్న చోటే షీటు చిరుగుతుంది. అందుచేత లిగ్నిన్‌లోని హైడ్రాక్సిల్ గుంపులకు ఎసిటైల్ గుంపులను తగిలించడం, లేదా ప్లాస్టిక్ గొలుసులనే దానిమీద పెంచడం వంటి ఉపాయాలు పరిశోధకులు చేస్తున్నారు. గోధుమరంగు, గంధకపు వాసన ఇంకా అడ్డే. పాల పాకెట్టుకు ఇది పనికిరాదు. మిరప, కూరగాయల మళ్లలో పరచే మల్చింగ్ షీటుకు రంగు దోషం కాదు. పైగా ఎండకు ఓర్చుకొనే గుణమే అక్కడ కావలసినది.

అయితే విస్తరి పుల్ల ఉదాహరణను మరువరాదు. లిగ్నిన్‌ను కొరికివేయగలిగినవి ముఖ్యంగా తెల్ల కుళ్లు కలిగించే శిలీంధ్రాలు. వాటిలోని ఎంజైమును 1983లో గుర్తించినారు. మరోవైపు పాలీలాక్టిక్ ఆమ్లానికి సుమారు 60 డిగ్రీల వేడిగల కంపోస్టు గుంటలో త్వరగా జరిగే జీర్ణం, మామూలు పొలంలో చాలా నెమ్మదిగా సాగుతుంది. రెండూ కలిసిన షీటు ఖమ్మం మిరప చేలో రెండు, మూడు వానకాలాల తరువాత ఎంత మిగులుతుందో తూచి చూడవలసినది ఆ మట్టిలోనే.