తెలుగు బడుల్లో బాలల నాటకం

చిన్న పిల్లలకు బడిలో నాటకాన్ని పరిచయం చేయడం, వారి చేత నాటికలు ఆడించడం, వారి కోసం పెద్దలు ప్రదర్శనలివ్వడం, ఈ మూడూ కలిసి బాలల నాటకం. తెలుగునాట దీనికి రెండు మూలాలున్నాయి. ఒకటి ఊళ్లో తరతరాలుగా సాగిన కథాగానం, రెండోది పంతొమ్మిదో శతాబ్ది చివర ఇంగ్లీషు చదువుల వెంట వచ్చిన బడి నాటకం. సిద్దిపేట జిల్లాలోని మద్దూరు, చేర్యాల, కొమురవెల్లి ప్రాంతంలో మొదటిది బలంగా వేళ్లూనుకుంది, రెండోది ఆలస్యంగా చేరింది. బడిలో చాలాకాలం వార్షికోత్సవానికే పరిమితమైన నాటకం నెమ్మదిగా తరగతి గదిలోకి రావడమే ఈ చరిత్రలో ముఖ్యమైన మలుపు.

బడికి ముందు

పిల్లల నటన బడితో మొదలైంది కాదు. గుజ్జనగూళ్లలో వంటలు, బొమ్మల పెళ్లిళ్లు, బతుకమ్మకు ముందు ఆడపిల్లలు ఆడే బొడ్డెమ్మ, ఇవన్నీ పాత్ర వేసుకునో పాడుతూనో ఆడే ఆటలే. ఇక ప్రదర్శనల విషయానికొస్తే, 2016 అక్టోబరులో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగేదాకా వరంగల్ జిల్లాలో భాగంగా ఉన్న మద్దూరు, చేర్యాల ప్రాంతం జానపద కళలకు పుట్టినిల్లు.

చేర్యాల నకాషీ చిత్రకారులు ఖాదీ గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమన్ను, జిగురు కలిపి పూతపెట్టి, ఎర్రటి నేపథ్యం మీద కథను వరుస గళ్లలో గీస్తారు. గజాల కొద్దీ పొడవుండే ఆ పటాన్ని వేలాడదీసి, కథకుడు ఒక్కో బొమ్మను చూపిస్తూ పాడతాడు, వంతలు అందుకుంటారు. పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు ఇలా కులపురాణాలు చెబుతారు. మందహెచ్చులు కాటమరాజు కథను కొయ్యబొమ్మలతో చెబుతారు. చదువురాని పిల్లవాడికి కూడా కథ ఎక్కడిదాకా వచ్చిందో కంటికి కనిపించడం ఈ పద్ధతిలోని సుళువు.

కొమురవెల్లి మల్లన్న కథ చెప్పే ఒగ్గు కళాకారులకు పెద్ద ఆహార్యం అక్కర్లేదు. భుజం మీది వస్త్రం తలమీదికొస్తే ఆడమనిషి, నడుముకు బిగిస్తే వీరుడు. డోలు దెబ్బ మారితే కథలో చోటు మారుతుంది. జనగామ ప్రాంతపు చుక్క సత్తయ్య ఈ కళకు దేశవ్యాప్తంగా పేరు తెచ్చారు. జనగామ జిల్లాకే చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. చిందు కుటుంబాల్లోనూ, 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన సురభి సమాజంలోనూ పిల్లలకు శిక్షణంతా మేళంలోనే. మొదట చూడటం, తర్వాత చిన్న వేషం, ఆపై మాట. సురభి రంగస్థలం మీద కృష్ణుడు, ప్రహ్లాదుడు, లోహితాస్యుడు ఇంటి పిల్లలే.

బడి నాటకం తొలి రోజులు

రాజమండ్రిలో ఉపాధ్యాయుడిగా ఉన్న కందుకూరి వీరేశలింగం 1880లో తన విద్యార్థులతో ‘వ్యవహార ధర్మబోధిని’ ఆడించారు. ప్లీడర్ల మోసాలను ఎండగట్టిన ఈ రచన ఆధునిక తెలుగు నాటక ప్రదర్శనలకు నాంది అంటారు. అంటే తెలుగులో కొత్త నాటకం అడుగుపెట్టిందే ఒక మాస్టారు, ఆయన శిష్యుల వల్ల. అయితే వాళ్లు ఎదిగిన విద్యార్థులు, ప్రేక్షకులు పట్టణ పెద్దలు, లక్ష్యం సంఘ సంస్కరణ. ఆ తర్వాత కూడా బడి నాటకమంటే చాలాకాలం పద్యం కంఠతా పట్టి, రాగం తీసి, సభలో ఒప్పజెప్పడంగానే నడిచింది. చిన్న తరగతుల వారికి అందులో దక్కిందల్లా విచిత్ర వేషధారణ, అభినయ గేయాలు.

నిజాం రాజ్యంలో పరిస్థితి వేరు. పై చదువులు ఉర్దూలో సాగేవి. ప్రైవేటు బడి పెట్టాలంటే అనుమతి కావాలి. సభలూ సమావేశాలూ గస్తీ నిషాన్ 53 కింద అధికారుల దయమీద ఆధారపడేవి. 1948 ఆగస్టులో నిజాం పక్షపు సాయుధ దళమైన రజాకార్ల దాడితో నెత్తురోడిన బైరాన్‌పల్లి కూడా మద్దూరు ప్రాంతపు ఊరే. ఈ పరిస్థితుల్లో పల్లె పిల్లలకు తెలుగు నాటకం తెలిసింది చిందు, ఒగ్గు, పటం కథల ద్వారానే తప్ప బడి వల్ల కాదు.

రేడియోతో వచ్చిన మార్పు

పిల్లల కోసమే పిల్లలతో నాటికలు చేయించవచ్చని పెద్దఎత్తున చూపించినవారు రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, రేడియో అక్కయ్య కామేశ్వరి. 1940లో మద్రాసులో ఆంధ్ర బాలానంద సంఘం స్థాపించారు, 1945లో ‘బాల’ పత్రిక తెచ్చారు. రేడియోలో తెరలూ రంగులూ ఉండవు. గొంతుతోనే కుందేలును, పులిని వేరుచేసి చూపాలి. దాంతో వాచికం మీద శ్రద్ధ పెరిగింది, చిన్న చిన్న మాటల నాటికలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ అవతరణ తర్వాత ఈ కృషి హైదరాబాదులో కొనసాగింది. 1956లో ఢిల్లీలో మొదలైన బాలభవన్ ఉద్యమం తెలుగు పట్టణాలకూ చేరి, నాటకానికి బడి బయట ఒక చోటు కల్పించింది. 1998 నుంచి జరిగిన నంది నాటకోత్సవాలు బాలల నాటికలకు పోటీ స్థాయి గుర్తింపునిచ్చాయి.

బోధనా పద్ధతిగా నాటకం

ప్రదర్శన కోసం కాక పాఠం కోసం నాటకం అనే ఆలోచనకు ఆద్యురాలు కూడా ఒక పల్లె పంతులమ్మే. ఇంగ్లండులోని సోంప్టింగ్ గ్రామంలో హారియెట్ ఫిన్లే జాన్సన్ చరిత్రను, సాహిత్యాన్ని పిల్లలే నాటకాలుగా మలచుకునేలా చేసి, 1911లో ఆ అనుభవాన్ని పుస్తకంగా ప్రచురించారు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1901లో శాంతినికేతన్‌లో నెలకొల్పిన బడిలో ఋతువుల పండుగలకు పిల్లలతో నాటకాలాడించారు. 1954లో ఇంగ్లండుకే చెందిన పీటర్ స్లేడ్ పిల్లల సహజమైన నటనను పెద్దల రంగస్థలంతో కొలవకూడదని వాదించారు. 1965లో కొవెంట్రీలోని బెల్‌గ్రేడ్ థియేటర్ నటులను బడులకు పంపే పద్ధతి మొదలుపెట్టింది. ఆ దారిలోనే మన జాతీయ నాటక పాఠశాల 1989లో పిల్లల కోసం ప్రత్యేక బృందాన్ని ఏర్పాటుచేసింది.

2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం సంగీతం, నృత్యం, చిత్రలేఖనాలతో పాటు నాటకాన్నీ పదో తరగతి దాకా చదువులో భాగం చేయాలని సూచించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012 నుంచి వచ్చిన తెలుగు వాచకాల్లో కథను సంభాషణలుగా మార్చడం, పాత్రలు పంచుకుని చదవడం వంటి అభ్యాసాలు చేరాయి. 2020 జాతీయ విద్యావిధానం కళలను పాఠాలతో కలిపి నేర్పాలంది. మూడు నుంచి ఎనిమిదేళ్ల వారికోసం 2022లో వచ్చిన చట్రం ఆటనూ కథనూ చదువుకు పునాదిగా తీసుకుంది.

చిన్న తరగతుల్లో నడిపే తీరు

ఆరేడేళ్ల పిల్లలకు రాసిన మాటలు ముందే ఇస్తే దృష్టంతా బట్టీ మీదికి పోతుంది. అందుకే వరుస మార్చి నేర్పుతారు. మొదట అభినయ గేయం, తర్వాత మూకాభినయం, ఆపై తెలిసిన కథలో సొంత మాటలు, చివరికి రాసిన నాటిక. ఉదాహరణకు కాకి, దాహం కథ. ఒకరు కాకి, ఒకరు కుండ, మిగతా అందరూ గులకరాళ్లు. రాళ్లు ఒక్కొక్కటే వచ్చి కుండ పక్కన కూర్చుంటుంటే కుండ అయిన పిల్లవాడు చేతులను నీటిమట్టంలా పైకెత్తుతాడు. నీళ్లెందుకు పైకొచ్చాయని టీచర్ అడిగితే అక్కడే పరిసరాల విజ్ఞానం పాఠమవుతుంది. నోరు విప్పని పిల్లకు కూడా రాయిగా చోటుంది, పది నిమిషాల్లో ముగుస్తుంది, ఖర్చు లేదు.

తెలంగాణ బడుల్లో జరిపే స్వయంపరిపాలన దినోత్సవం కూడా ఈ కోవలోదే. చీర కట్టుకున్న అమ్మాయి ఆ రోజుకు హెడ్మాస్టరు, మరొకరు కలెక్టరు. పెద్ద తరగతుల పిల్లలు చిన్నవారికి పాఠం చెబుతూ, రోజూ చూసే టీచర్ నడకనూ గొంతునూ అనుకరిస్తారు. అది పరిశీలన నుంచి పుట్టిన అభినయం.

ప్రాంతీయ వనరులు, పరిమితులు

మద్దూరు చుట్టుపక్కల బడులకు అందుబాటులో ఉన్న సంపద చేర్యాల పటం, రంపపు పొట్టు, చింతగింజల ముద్దతో చేసే చేర్యాల మాస్కులు, ఒగ్గు కథ. కాగితాలు అతికించి పిల్లలే బొమ్మలు గీసుకుంటే అది కథ చెప్పే పటమవుతుంది, తువ్వాలు ఒక్కటుంటే ఒగ్గు పద్ధతిలో నాలుగు పాత్రలు పుడతాయి. సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రం 1979 నుంచి ఉపాధ్యాయులకు ఇలాంటి స్థానిక కళలను పాఠాల్లో వాడటం నేర్పుతోంది.

అడ్డంకులూ ఉన్నాయి. ఒక్కరిద్దరు ఉపాధ్యాయులే అన్ని తరగతులూ చూసుకునే బడిలో నాటకానికి వేళ దొరకదు. పరీక్షలో మార్కులు లేని దానికి పీరియడ్ నిలవదు. పోటీలకు తయారుచేసేటప్పుడు గట్టిగా మాట్లాడే నలుగురికే వేషాలు దక్కి, మిగతా తరగతి ప్రేక్షకులుగా మిగిలిపోతుంది. కులపురాణాలను బడికి తెచ్చేటప్పుడు ఏ కులాన్నీ కించపరచని కథలను ఎంచుకోవాల్సిన బాధ్యత కూడా ఉపాధ్యాయుడిదే. అందుకే చిన్న తరగతుల్లో నాటకాన్ని ప్రదర్శన ఎంత బాగుందని కాక, ఎంతమంది పిల్లలు పాత్ర వేశారు, ఎంతమంది సొంత మాట పలికారు అన్న లెక్కతో అంచనా వేయడం మేలు.