విద్యుద్ఘటము – దాని ఆయుర్దాయము



నేను గుండుగొలను వాస్తవ్యుడను. చిరకాలము బడిపిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. అట్టివానికి బ్యాటరీల ముచ్చట యేలయని మీరడుగవచ్చును. నాకు కలిగిన యొక నష్టమే నన్నీ విచారమునకు పురికొల్పినది. ముందుగా దానిని మనవి చేసికొందును.

ఉద్యోగము చాలించిన పిదప, మా ప్రాంతపు పెద్దలు చెప్పు పాతసంగతులను ల్యాప్‌టాప్‌లో వ్రాసి యుంచుట నాకు నిత్యకృత్యమైనది. ఏలూరు కాలువపై పడవలు నడచిన దినములు, కొల్లేటి వరదలు, చేల పాతపేర్లు – వీనిలో పెక్కు గ్రంథములందు లేవు. పెద్దల నోటనే యున్నవి. రెండేండ్ల క్రిందట వేసవిలో, తొంబదియేండ్లు దాటిన మా పెదనాన్నగారు ఒక సాయంకాలము తమ చిన్ననాటి పడవప్రయాణములను గూర్చి గంటసేపు చెప్పిరి. నేను వ్రాసికొనుచుంటిని. ఇంతలో కరెంటు పోయినది. తెరపై ఇంకను నూటికి ముప్పదిపాళ్లు శక్తి యున్నట్లు కనబడుచుండగనే యంత్రము తటాలున ఆరిపోయినది. భద్రపఱుపని వ్రాత యంతయు పోయినది. “రేపు మళ్ళీ చెబుతాలేరా” అనిరి పెదనాన్నగారు. ఆ రేపు రాలేదు. ఆ వారమే మంచము పట్టి, మఱి లేవరైరి.

ఏలూరిలో ఇట్టి యంత్రములను బాగుచేయు పూర్వశిష్యుడొకడు నాకు గలడు. అతడు “దీన్ని ఎలా వాడేవారండీ?” అని అడిగెను. ప్రతిదినము పూర్తిగా ఆరిపోవువఱకు వాడి, రాత్రియెల్ల ఛార్జింగునందుంచుదుననియు, బలము తగ్గినప్పుడు అరుగుమీద ఎండలో బెట్టుదుననియు గర్వముగా చెప్పితిని. అతడు నవ్వాపుకొని, “మాస్టారూ, చాలా శ్రద్ధగా పాడుచేశారండీ” అనెను.

ఆ మాట నన్ను చరిత్రవైపు మరల్చినది. నేను చేసిన పనులు మూఢవిశ్వాసములా? కావు. ఒక్కొక్కటి యొకానొక కాలమున సత్యమే.

1800లో ఇటలీ దేశీయుడగు వోల్టా, జింకు బిళ్లలను వెండి బిళ్లలను ఒకదానిపై నొకటి పేర్చి, నడుమ ఉప్పునీట తడిపిన అట్టముక్కల నుంచి, ఎడతెగని విద్యుత్ప్రవాహమును సాధించెను. విద్యుద్ఘటములకు అదియే ఆదిపురుషుడు. 1859లో ఫ్రాన్సు దేశీయుడగు ప్లాంటే సీసపు రేకులను ఆమ్లమున ముంచి, మరల మరల నింపదగిన ఘటమును కల్పించెను. మన మోటారుబండ్ల బ్యాటరీ ఆ వంశమునకు చెందినదే. తిరుపతి చెంత కరకంబాడిలో గల్లా రామచంద్రనాయుడుగారు 1985లో స్థాపించిన అమరరాజా సంస్థకు పేరు తెచ్చినదియు ఈ సీసపు బ్యాటరీయే.

1866లో లెక్లాంషే, 1886లో గాస్నర్ చేసిన కృషివలన పొడిసెల్లు వెలసినది. 1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రము ప్రారంభమైన నాటికి మన పల్లెలలో పెక్కింటికి కరెంటు లేదు. అచ్చట రేడియో పలుకుటకు బ్యాటరీయే శరణ్యము. టార్చిలైటు సెల్లులను ఎండబెట్టుట మీలో ఎఱుగనివారెవరు? వేడికి లోపలి రసాయనక్రియ చుఱుకై, చావుదినములలో నున్న సెల్లు మఱికొంతసేపు వెలుగును. నా యెండ అలవాటు అచ్చటిది.

1899లో స్వీడను దేశీయుడగు యుంగ్నర్ నికెల్, కాడ్మియములతో వేఱొక ఘటమును చేసెను. తొలినాటి ల్యాప్‌టాప్‌లలో ఇదియే యుండెడిది. దీనిని సగము వాడి నింపుచుండిన, ఆ సగమునకే అలవాటుపడునని చెప్పి, పూర్తిగా ఖాళీచేసి నింపుడనెడివారు. నా రెండవ అలవాటు అచ్చటిది.

నేటి ల్యాప్‌టాప్‌లోనిది లిథియం ఘటము. విటింగ్‌హామ్ 1970లలో దీనికి పునాది వేసెను. గుడెనఫ్ 1980లో బలము పెంచెను. జపాను దేశీయుడగు యోషినో 1985లో దానిని క్షేమకరముగా తీర్చెను. 1991లో అది అంగళ్లకు వచ్చినది. ఈ మువ్వురకు 2019లో నోబెల్ బహుమాన మొసగబడినది.

దీని ధర్మము వేఱు. లిథియం కణములు రెండు గట్టుల నడుమ పడవలవలె తిరుగుచుండును. ప్రతి రాకపోకయందును కొన్ని గట్టుననే చిక్కుకొని తిరిగిరావు. వేడియు, ఎల్లప్పుడు నిండుగా నుంచుటయు, అడుగంట వాడుటయు ఈ నష్టమును త్వరపెట్టును. పూడిక పడిన చెఱువును తలపోయుడు. గట్టుదాక నీరు నిండినను లోతు లేదు. తెరపై నూఱుపాళ్లని కనబడునది ఆ పూడిన చెఱువు నిండుదనమే. లోతు మాఱినపుడు యంత్రపు లెక్కయు తప్పును. నా ముప్పదిపాళ్లు అట్టి తప్పులెక్కయే.

శిష్యుడు లెక్క చూపెను. కొన్ననాడు నా బ్యాటరీ 50 వాట్-గంటలు పట్టెడిది. యంత్రము 10 వాట్లు వాడిన 5 గంటలు వచ్చును. ఇప్పుడు పట్టునది 20 మాత్రమే. అనగా 2 గంటలు. తెర వెలుతురు పెంచి, బొమ్మలాడించి 20 వాట్లు వాడితిమా, ఒక గంటయే. కావున త్వరగా తఱుగుటకు కారణములు రెండు: పాత్ర చిన్నదగుట, ధార పెద్దదగుట. ధారను మనము తగ్గింపవచ్చును. తెర వెలుతురు తగ్గించి, పనిలేని వానిని మూసివేయవలెను. తఱిగిన పాత్ర మరల పెరుగదు, మార్పించుటయే గతి.

క్రొత్తదానిని కాపాడుటకు అతడు చెప్పినది స్వల్పమే. ఇరువదిపాళ్లకు దిగకమునుపే నింపవలెను. వీలైనచో ఎనుబది దగ్గఱ ఆపవలెను. ఎండను, పరుపును తగులనీయక, గాలియాడు చోట గట్టిబల్లపై నుంచవలెను. ఉబ్బిన బ్యాటరీని నొక్కరాదు, గుచ్చరాదు, ఛార్జి చేయరాదు, అగ్నిప్రమాదము కలదు. పాతదానిని చెత్తలోనో కాలువలోనో పాఱవేయరాదు. తయారుచేసినవారే తిరిగి సేకరింపవలెనని 2022లో వచ్చిన కేంద్రప్రభుత్వ నియమములు చెప్పుచున్నవి. మన కాలువల నీరు తుదకు చేరునది కొల్లేరే గదా!

తండ్రితాతల అలవాటును నేను తూలనాడను. అది యే వస్తువునకై పుట్టినదో యెఱుగక, వేఱొకదానికి తగిలించుటయే నా తప్పు. ఇప్పుడు క్రొత్త బ్యాటరీ వేయించితిని. అయినను పెద్దలు చెప్పునది ముందుగా కాగితముపై వ్రాసికొని, పిదపనే యంత్రమున కెక్కించుచున్నాను. పెదనాన్నగారి పడవలు మాత్రము తిరిగిరావు. ఆ కాలువపై ప్రయాణించినవారెవరైన మీలో నున్నచో, దయచేసి రేపటిదాక ఆగక, ఇంటనున్న పిల్లలను పిలిచి నేడే చెప్పుడు.

సెలవు.