బెజవాడ – బళ్ళారి: దూరమెంత?

బెజవాడకూ బళ్ళారికీ దూరమెంత, విమానంలో ఎంతసేపు పడుతుందని మన క్యాంపుల పిల్లలు తరచు అడుగుతుంటారు. రైల్వేలో గుమాస్తాను గనుక దూరాల పట్టిక నాకు అలవాటైన పుస్తకమే. పట్టాల మీద సుమారు 480 కిలోమీటర్లు. అయితే ఈ అంకె వెనుక ఒక పెద్ద కరువు ఉన్నది.

1876–78 నాటి మహాక్షామంలో బళ్ళారి జిల్లా దారుణంగా దెబ్బతిన్నది. అనంతపురం అప్పటికింకా ఇందులోనిదే. 1882లో గాని వేరు జిల్లా కాలేదు. మద్రాసు నుండి బళ్ళారికి రైలు అప్పటికే వచ్చింది. ధాన్యం స్టేషను దాకా చేరేది. ఆపైన ఊళ్ళకు ఎద్దుబండ్లే గతి. మేత లేక ఎద్దులే చచ్చిపోతుంటే బండి లాగేదెవరు? ఇటు చూస్తే, బెజవాడ వద్ద 1855 నాటికే కృష్ణకు ఆనకట్ట కట్టారు, డెల్టాలో వరి పండుతున్నది. నడుమ నల్లమల అడ్డం. రోజుకు 25 కిలోమీటర్లు నడిచే బండికి ఆ దారి ఇంచుమించు 20 రోజులు. ఆకలి అన్నాళ్ళు ఆగుతుందా!

క్షామ నివారణకు రైలుదారులు వేయాలని 1880లో ఫామిన్ కమిషను చెప్పింది. ఆ దశాబ్దంలోనే గుంతకల్లు నుండి నంద్యాల, గిద్దలూరు, గుంటూరు మీదుగా కృష్ణ వైపు మీటరు గేజి లైను వేశారు. దాని పేరే బళ్ళారి–కృష్ణా స్టేట్ రైల్వే. పేరులోనే మన రెండు సీమలూ ఉన్నవి! నల్లమలలో బొగద సొరంగం తొలిచారు, దొరబావి వద్ద లోయ మీద ఎత్తైన వంతెన కట్టారు. ఆ పని చేసిన కూలీల పేర్లు ఏ పట్టికలోనూ లేవు.

ధాన్యం కోసం వేసిన దారిలో తరువాత మనుషులు వచ్చారు. 1953లో తుంగభద్ర నీరు వదలగా, గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల రైతులు అక్కడి కొద్దిపాటి చెక్కలు అమ్ముకొని, సిరుగుప్ప, గంగావతి, సింధనూరు వైపు భూములు కొని క్యాంపులు వేసుకొన్నారు. అదే ఏడు అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయినవి, బళ్ళారి మైసూరులో చేరింది. సరిహద్దు మారినా పట్టాలు మారలేదు. పెళ్ళిళ్ళకూ పురుళ్ళకూ రాకపోకలు ఆ లైను మీదనే సాగినవి. 1990లలో అది బ్రాడ్ గేజి అయింది. దొరబావి పాత వంతెనకు పని తప్పింది. ఇప్పుడు అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో ఒక రాత్రి ప్రయాణం.

ఇక విమానం మాట. బెజవాడ నుండి బళ్ళారికి గీత గీసినట్లు కొలిస్తే సుమారు 420 కిలోమీటర్లు. అడవులు, కొండలు దాటిన రైలు దీనికంటే 60 కిలోమీటర్లే ఎక్కువ తిరుగుతున్నది. ఆనాటి సర్వే వారిని మెచ్చుకోవలసిందే. నేరుగా ఎగిరితే గంటలోపు పని. కాని తోరణగల్లు దగ్గరి విద్యానగరం నుండి 2017లో హైదరాబాదుకు విమానాలు నడిపిన ట్రూజెట్ సంస్థ 2022లో ఆగిపోయింది. ఎవరు నడిపినా హైదరాబాదు మీదుగా పోతే గన్నవరం నుండి అక్కడికి సుమారు 265, అక్కడి నుండి విద్యానగరానికి సుమారు 300 కిలోమీటర్లు. రైలు కంటే ఆకాశంలోనే 85 కిలోమీటర్లు ఎక్కువ! గాలిలో ఉండేది రెండు గంటలే అయినా, హైదరాబాదులో కాచుకోవడం, దిగిన తరువాత బళ్ళారికి మరో 30 కిలోమీటర్లకు పైగా మోటారు ప్రయాణం కలిపితే పూట గడుస్తుంది. పైగా ఆవకాయ జాడీలకూ బియ్యం మూటలకూ అక్కడ తూకం వేస్తారు.