షట్టరు దించేది ఎవరు?

పామిడిముక్కల మండలంలో వీరంకిలాకు అనే ఊరుంది. కాలువ లాకే దాని పేరైంది. డెల్టాకి ఎంత నీరు వదలాలో ప్రకాశం బ్యారేజీ దగ్గర తేలుస్తారు. కానీ అర్ధరాత్రి గట్టుకు గండి పడితే పైనుంచి కబురొచ్చేదాకా ఆగితే చేలు మునుగుతాయి. షట్టరు దించాల్సింది దగ్గరున్న కాలువ కాపలాదారు లస్కరే. ఏది పైవాళ్లు తేల్చాలి, ఏది అక్కడికక్కడే తేలాలి? కంప్యూటర్ నెట్‌వర్కులు కట్టినవాళ్లకీ ఇదే చిక్కు ఎదురైంది.

మొదట్లో ఏ రౌటరుకు ఆ రౌటరే దారి లెక్క వేసుకునేది. చిన్న నియమం మార్చాలన్నా పెట్టెపెట్టెనూ సవరించాలి. 2007లో స్టాన్‌ఫర్డ్‌లో మార్టిన్ కసాడో, నిక్ మెక్యూన్ బృందం ‘ఈథేన్’తో ఈ పద్ధతిని తిరగేసింది. నిర్ణయాలన్నీ ఒక కంట్రోలర్‌వి, స్విచ్చులు అది చెప్పింది చేస్తాయి. కంట్రోలర్ స్విచ్చులకు ఆదేశాలిచ్చే పద్ధతి ‘ఓపెన్‌ఫ్లో’ మరుసటేడు వచ్చింది.

ఆ ఒక్క కంట్రోలర్ ఆగిపోతే కొత్త దారి చెప్పే దిక్కుండదు. అందుకే ఆ పనిని పలు యంత్రాలకు పంచారు. అవన్నీ ఒకే మాట మీద ఉండాలంటే ప్రతి మార్పుకూ ఒకదాన్నొకటి అడగాలి, ఆలస్యమవుతుంది. అడక్కుండా సాగితే వేగమే, కానీ ఒకదాని దగ్గరున్న లెక్క పాతబడుతుంది. 2010లో వచ్చిన ‘ఆనిక్స్’ అనే కంట్రోలర్ వ్యవస్థ ఈ రెంటినీ దాచిపెట్టలేదు. నెమ్మదైనా తేడా రాని సమాచార గిడ్డంగి ఒకటి, వేగమైనా కాస్త వెనకబడే గిడ్డంగి ఒకటి ఇచ్చి, ఏది ఎక్కడ వాడాలో ప్రోగ్రాం రాసేవాళ్లకే వదిలింది. ఆ నిజాయితీ నాకెంతో నచ్చుతుంది.

ఆ ఎంపికకు మూల్యమెంతో 2012లో డాన్ లెవిన్ బృందం పరీక్షించి చూసింది. కంట్రోలర్ల మధ్య సమాచారం పాతబడేకొద్దీ లింకుల మీద భారం సమంగా పంచడం చెడింది. ‘నా దగ్గరున్నది పాతదేమో’ అని గుర్తెరిగి నడిచే ప్రోగ్రాం మెరుగ్గా తట్టుకుంది. కాకపోతే దాన్ని రాయడం కష్టం.

2014 డిసెంబరులో కోడ్‌ను అందరికీ తెరిచిన ‘ఓనోస్’ అనే కంట్రోలర్ కూడా వేగమా, ఒకే మాటా అన్న ఈ చిక్కులో పడ్డదే. దాని తొలి నమూనాలో నెట్‌వర్కు పటాన్ని డేటాబేస్‌లో ఉంచితే పని మరీ నెమ్మదించింది. తర్వాత ఆ పటాన్ని ప్రతి యంత్రం తన మెమరీలోనే ఉంచుకుని, మిగతావాటితో తరచూ సరిచూసుకునేలా మార్చారు. కాసేపు తేడా వచ్చినా సర్దుకుంటుంది. ఏ స్విచ్చుకు ఏ కంట్రోలర్ యజమాని అన్నదాన్ని మాత్రం అలా వదల్లేదు. అక్కడ ఆలస్యమైనా సరే, మెజారిటీ యంత్రాలు ఒప్పుకున్నాకే పని జరుగుతుంది. ఒక స్విచ్చుకు ఒకే సమయంలో ఇద్దరు యజమానులు ఉండరు.