మంచు కాదు, గుర్రపుడెక్క

మా ఇంటి దగ్గరి చెరువు ఫోటో చూసి ఒక మిత్రుడు "కశ్మీర్ ఎప్పుడెళ్ళావు?" అన్నాడు. నల్లటి ఆకాశం, ఒడ్డు నుంచి ఒడ్డు దాకా మంచు పరిచినట్టు తెలుపు. తీసింది హైదరాబాదులో, మే నెల మధ్యాహ్నం. ఆ మంచంతా గుర్రపుడెక్క.

మూలన పడున్న పాత కెమెరాని ఇన్‌ఫ్రారెడ్‌కి మార్పించాను. మన కన్ను 700 నానోమీటర్ల దగ్గర దాదాపు ఆగిపోతుంది. కెమెరా సెన్సర్‌లోని సిలికాన్ సుమారు 1100 దాకా చూడగలదు. రంగులు పాడవకుండా తయారీదారులే దాని ముందు ఒక గాజు అడ్డం పెడతారు. అది తీసేసి, 720 లోపు వెలుగుని ఆపే ఫిల్టర్ పెడితే చాలు. కొత్త ఫీచర్ ఏం రాయలేదు. కామెంట్‌లో పెట్టిన పాత లైనొకటి మళ్ళీ పనిచేస్తోందంతే.

ఈ వెలుగుని 1800లో విలియం హెర్షెల్ పట్టుకున్నాడు. పట్టకంలోంచి పడ్డ రంగుల్లో ఎరుపు దాటాక, కంటికి ఏమీ లేనిచోట పెట్టిన థర్మామీటర్ ఇంకా ఎక్కువ వేడెక్కింది. 1910లో అమెరికన్ భౌతికశాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ ప్రచురించిన ఫోటోల్లో చెట్లు తెల్లగా మెరుస్తాయి. దాన్నే వుడ్ ఎఫెక్ట్ అంటారు (చెక్కకి సంబంధం లేదు, ఆయన పేరే). పత్రహరితం ఎర్రటి వెలుగుని తినేస్తుంది గానీ ఇన్‌ఫ్రారెడ్‌ని ముట్టుకోదు. ఆకు లోపలి కణాలు, వాటి మధ్య గాలి ఖాళీలు దాన్ని తిరిగి బయటికి చిమ్ముతాయి.

వుడ్ చూపించిన ఆ వింత రెండో ప్రపంచయుద్ధంలో నిఘాకి పనికొచ్చింది. ఆకుపచ్చ పూత పూసిన గుడ్డ కింద ఫిరంగిని దాస్తే మామూలు కంటికి అదీ పొదే. కోడాక్ ఇన్‌ఫ్రారెడ్ కలర్ ఫిల్మ్ మీద మాత్రం బతికున్న ఆకు ఎర్రగా పడుతుంది, పూత పడదు. చాలా ఏళ్ళకి ఐరిష్ ఫొటోగ్రాఫర్ రిచర్డ్ మాస్ ఆ జాతి ఫిల్మ్‌నే తూర్పు కాంగోకి పట్టుకెళ్ళి, యుద్ధం నడుస్తున్న కొండల్ని గులాబీరంగులో చూపించాడు. అంత ఘోరం మధ్య అంత అందమా అని తప్పుపట్టినవాళ్ళున్నారు. నాకూ మొదట అలాగే అనిపించింది.

మన దగ్గర కథ కొబ్బరితోటల్లో మొదలైంది. 1970 ప్రాంతంలో పి. ఆర్. పిషారటి బృందం కేరళ మీద హెలికాప్టర్‌లో తిరుగుతూ ఇలాంటి ఫిల్మ్‌తోనే ఫోటోలు తీసింది, వడలు తెగులు పట్టిన చెట్లని గుర్తించడానికి. 1988లో పైకెళ్ళిన ఐఆర్‌ఎస్-1ఎ ఉపగ్రహం కెమెరాల్లోనూ ఒక బ్యాండ్ ఇన్‌ఫ్రారెడ్‌దే. అలాంటి చిత్రాలతో పనిచేసే జాతీయ కేంద్రం మన బాలానగర్‌లోనే ఉంది.

ఫిరంగైనా కొబ్బరైనా, ఈ వెలుగుని అడిగే ప్రశ్న ఒకటే: ఆకు బతికుందా? మా చెరువులో ఆకు బ్రహ్మాండంగా బతికుంది. దాని కింద నీళ్ళ సంగతి ఈ కెమెరాకి తెలీదు.

మిత్రుడికి అదే చోట ఫోన్‌తో తీసిన ఫోటో కూడా పంపాను. పచ్చటి డెక్క, అంచున ప్లాస్టిక్ కవర్లు, మురుగు కాలవ. "మొదటిదే బాగుందిరా" అన్నాడు. నేను ఫ్రేమ్ కట్టించిందీ అదే.