రెండు పెన్నీల భోజనం

1914 ఆగస్టు 4న బ్రిటన్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. చూస్తుండగానే లండన్ కొట్లలో సరుకుల ధరలు మండిపోయాయి. డబ్బున్నవాళ్లు బస్తాలకు బస్తాలు కొని ఇళ్లలో నింపుకున్నారు. తూర్పు లండన్‌లోని బో, పోప్లార్ పేటల్లో ఏ పూటకాపూట కొనుక్కుని వండుకునే కాపురాలకు ఆ వీలెక్కడిది? ఆ ఇళ్ల మగవాళ్లలో రిజర్వు సైనికులు పిలుపు రాగానే పని వదిలేసి వెళ్లిపోయారు. వాళ్లతోపాటే ఇంటికొచ్చే కూలీ ఆగిపోయింది.

సైనికుడి భార్యకు సర్కారు ఇచ్చే భత్యం ఉండేది. అంతకుముందు సైన్యం అనుమతితో పెళ్లి చేసుకున్నవాళ్ల భార్యలకే ఇచ్చేవారు. యుద్ధం రాగానే భార్యలందరికీ వర్తింపజేశారు. కానీ వచ్చిపడిన దరఖాస్తులను చూసే దిక్కులేక డబ్బు వారాల తరబడి ఆలస్యమైంది. అక్టోబరు నుంచి పిల్లల్లేని మామూలు సిపాయి భార్యకు వారానికి 12 షిల్లింగుల 6 పెన్నీలు. అందులో మూడున్నర షిల్లింగులు భర్త జీతంలో కోసినవే. అదే నెలలో ఈ భార్యల నడవడి మీద కన్నేసి ఉంచమని పోలీసులకు ఆదేశాలు వెళ్లాయి. తాగినట్టు తేలితే భత్యం ఆపేయవచ్చు. భర్త కందకంలో ప్రాణాలొడ్డుతుంటే భార్య రొట్టెకు పోలీసు కాపలా పెట్టడం ఆనాటి ప్రభుత్వానికి తీరని మచ్చ.

పేదింటి ఆడవాళ్లకు పొదుపుగా వండటం రాదనీ, నేర్పితే అంతా చక్కబడుతుందనీ పెద్దింటివారు గట్టిగా నమ్మేవారు. ఆ నమ్మకం ఎంత తప్పో యుద్ధానికి ముందే, 1913లో, మాడ్ పెంబర్ రీవ్స్ రాసిన ‘రౌండ్ అబౌట్ ఎ పౌండ్ ఎ వీక్’ చూపించింది. లాంబెత్ పేటలో వారానికి సుమారు ఒక పౌండుతో, అంటే 20 షిల్లింగులతో, బతికే కుటుంబాల ఖర్చు లెక్కలను ఫేబియన్ అనే సోషలిస్టు సంఘపు మహిళా బృందం దగ్గరుండి రాయించింది. అందులో ఓట్స్ జావ సంగతి ఒకటుంది. చవక, బలం, పిల్లలకు అదే పెట్టమని ఇంటింటికీ వచ్చే దొరసానులు చెప్పేవారు. తల్లులు పెట్టి చూశారు. ఇంట్లో ఉన్నది ఒకటే పాత గిన్నె. కూర, చేప, జావ అన్నీ అందులోనే. కాచిన జావ అడుగంటేది, పాత వాసన పట్టేది. పాలూ చక్కెరా కలిపితే పిల్లలు తాగుతారేమో. ఆ రెండూ కొనే డబ్బే ఉంటే గొడవే లేదు. బొగ్గును కొద్దికొద్దిగా కొనడం వల్ల ఉన్నవాళ్లకంటే ఎక్కువ ధర పెట్టాల్సి వచ్చేది. వంట తెలియక కాదు, చేతిలో డబ్బూ పొయ్యీ పాత్రా లేక వాళ్లు రొట్టెతో కడుపు నింపుకున్నారు.

ఈ సంగతి పూర్తిగా అర్థం చేసుకున్న మనిషి సిల్వియా పాంక్‌హర్స్ట్. మహిళల ఓటు కోసం జైళ్లకెళ్లిన ఎమెలీన్ పాంక్‌హర్స్ట్ రెండో కూతురు. తల్లీ అక్కా యుద్ధాన్ని సమర్థిస్తే, ఈమె వ్యతిరేకించి తూర్పు లండన్ స్త్రీల మధ్యే ఉండిపోయింది. ఆగస్టు నెల తిరక్కుండానే ఓల్డ్‌ఫోర్డ్ రోడ్డులోని తమ మహిళా ఓటు హక్కు సంఘం హాలులో భోజనశాల తెరిచింది. పెద్దలకు రెండు పెన్నీలు, పిల్లలకు ఒక పెన్నీ. వేడివేడి సూపు, మాంసం, బంగాళాదుంపలు. అదీ లేనివాళ్లకు ఉచిత టికెట్టు. దానికి ఆమె పెట్టిన పేరు ‘కాస్ట్ ప్రైస్ రెస్టారెంట్’. దానధర్మాల వాసన తగలకూడదని పట్టుబట్టి పెట్టిన పేరది. ఇన్ని ఇళ్లలో విడివిడిగా పొయ్యి రాజేసే బదులు ఒక్కచోట టోకున కొని వండితే ఖర్చు తగ్గుతుంది, తల్లికి కాస్త ఊపిరాడుతుంది.

పసిపిల్లల పరిస్థితి ఇంకా ఘోరం. తిండి లేని తల్లులకు పాలు ఎండిపోయాయి. సంఘం వాళ్లు పాలు పంచడం మొదలుపెడితే, కొందరు బిడ్డలు ఆ పాలు కూడా అరిగించుకోలేనంత నీరసించి ఉన్నారు. దాంతో పాల కేంద్రాల పక్కనే వైద్యం ఏర్పాటు చేయాల్సి వచ్చింది. డాక్టర్ బార్బరా చైకోవ్‌స్కీ ఆ పనికి పూనుకున్నారు. మూతపడిన ‘గన్‌మేకర్స్ ఆర్మ్స్’ అనే సారాయి దుకాణాన్ని 1915లో ‘మదర్స్ ఆర్మ్స్’గా మార్చి శిశు సంరక్షణ కేంద్రం నడిపారు.

భోజనం పెట్టినంత మాత్రాన సరిపోదని సిల్వియాకు తెలుసు. సైనికుల, నావికుల భార్యల, బంధువుల హక్కుల కోసం 1915లో ఒక లీగ్ ఏర్పడింది. టీచరుగా పనిచేసిన మిన్నీ లాన్స్‌బరీ దానికి కార్యదర్శి. ఆగిపోయిన భత్యాలు, కొర్రీలు పడిన పింఛన్లు, గాయపడి తిరిగొచ్చిన జవాన్ల కాగితాలు, ఇవన్నీ ఆమె చూసుకునే పని. నా దృష్టిలో ఈ పని భోజనశాలకు ఏమాత్రం తీసిపోదు. అందాల్సిన డబ్బు అందితే ఆ తల్లికి ఏం కొనాలో ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

తర్వాత సర్కారూ ఇదే దారి పట్టింది. 1917 మే 21న వెస్ట్‌మినిస్టర్ బ్రిడ్జ్ రోడ్డులో మేరీ రాణి తొలి ‘నేషనల్ కిచెన్’ ప్రారంభించారు. మరుసటి ఏటికి అవి మూడు వందలు దాటాయి. యుద్ధం అయిపోగానే ఒక్కొక్కటే మూసేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో ‘బ్రిటిష్ రెస్టారెంట్’ల పేరుతో మళ్లీ మొదటినుంచీ కట్టుకోవాల్సి వచ్చింది.

మన దగ్గర జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలున్నాయి. మీ వీధిలో మాజీ సైనికుడి భార్య ఎవరైనా పింఛను కాగితాలతో తిరుగుతుంటే, ఒక పూట తీరిక చేసుకుని ఆమెతో ఆ కార్యాలయం దాకా వెళ్లండి.